రోంత తోడు

ముత్యాలరావు గారు గునపం పట్టుకుని జాతీయ రహదారి నడిమధ్యకు నడిచారు. ఒక్క క్షణం ఆగి, బలంకొద్దీ పొడిచారు.

ఆయన జాతీయ మార్గ మండలికి ప్రాంతీయాధికారి. తాను వేయించిన కొత్త రోడ్డును తానే పొడుస్తుంటే, ఢిల్లీ నుంచి వచ్చిన పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాలుగు పోట్లకు గుంత పడింది. దాని చుట్టూ సాలెగూడులా పగుళ్లు పాకాయి.

"నీళ్లు పోయండి" అన్నారాయన.

ట్యాంకరు మనిషి బకెట్టుతో పోశాడు.

"ఇక లారీలు వదలండి."

ఇనుపరాయి నింపుకున్న లారీలు ఒకదాని వెనక ఒకటి ఆ గుంత మీదుగా పోయాయి. పెద్దలు టెంటు కింద కూర్చుని మజ్జిగ తాగారు, భోజనాలు చేశారు, కిళ్లీలు వేసుకున్నారు. తిరిగి వచ్చి చూస్తే గుంత లేదు. ఆ చోట పాత గాయం మానినట్టు తెల్లటి మచ్చ ఒకటి మిగిలింది. ముత్యాలరావు గారు మళ్లీ గునపం ఎత్తి సరిగ్గా ఆ మచ్చ మీదే పొడిచారు. గునపం టంగుమని ఎగిరి పక్కకు పడింది.

చప్పట్లు మోగాయి.

"మా డాక్టర్ సువర్చల అండి" అంటూ ఆయన వెనక నిలబడిన మనిషిని ముందుకు పిలిచారు. "అంతా ఈ అమ్మాయి బుర్రలోంచి పుట్టిందే. నేను గునపం పట్టుకోవడం తప్ప ఏమీ చెయ్యలేదు."

సువర్చల ఏళ్ల తరబడి పెంచిన సూక్ష్మజీవి అది. తారులో, కంకరలో కలిసి నిద్రపోతుంది. అనంతపురం ఎండకు చావదు, మరిగే తారుకూ చావదు. పగుల్లోకి నీరు దిగి, పైన చక్రాల అదురు తగిలిందా, నిద్ర లేస్తుంది. రోడ్డులో కలిపిన సున్నపు పొడిని తిని, రాయిగా మార్చి, పగులును పూడ్చేస్తుంది. పూడగానే మళ్లీ పడుకుంటుంది. నీరు ఉండాలి, అదురు ఉండాలి. రెండూ కలిస్తేనే దానికి మెలకువ.

కాగితాల మీద దానికి అంకెలతో ఏదో పేరుంది. ఎవరూ వాడరు. నిన్నటి డ్రమ్ములోంచి ఒక గరిటెడు తీసి ఇవాళ్టి డ్రమ్ములో కలపడం చూసి, రోడ్డు పనికి వచ్చిన ఆడవాళ్లు, "పాలకు తోడేసినట్లేనా మేడమ్మా?" అని అడిగారు. "అంతే" అంది సువర్చల. ఆ రోజు నుంచి దాని పేరు తోడు. మేస్త్రీలూ తోడే అన్నారు, ఇంజనీర్లూ తోడే అన్నారు.

ఢిల్లీ పెద్దమనిషి ఆ మాట విని పకపకా నవ్వాడు. "మా భాషలో తోడ్ అంటే విరగ్గొట్టడం. అతికించేదానికి ఆ పేరా?"

అందరూ నవ్వారు. సువర్చల కూడా నవ్వింది.

---

ఆ రహదారిని ఆనుకునే చిన్నకొట్టాల ఉంది. సువర్చల పుట్టిన ఊరు. మండలి పాతిన హద్దు రాయికి అటువైపు రోడ్డు, ఇటువైపు ఆమె అన్న తిప్పన్న చీనీతోట. బత్తాయిని అక్కడ చీనీ అంటారు. రోడ్డు పని నడిచినన్నాళ్లూ ఆమె మధ్యాహ్నం అన్నం అన్న ఇంట్లోనే. టోల్‌గేటు పక్కన రేకుల షెడ్డులో ఉన్న ప్రయోగశాల నుంచి స్కూటర్ మీద వచ్చి, తిని, వెళ్లిపోయేది.

ఆ రోజు వచ్చేసరికి తోటలో నీళ్లతొట్టి దగ్గర అన్నా వదినా గొడవ పడుతున్నారు. తొట్టి అడుగున సన్నటి పగుళ్లు. వాటిలోంచి నీళ్లు కారి చుట్టూ బురదవుతోంది. అన్నకు ఉన్నది ఒక్క బోరు. దానికి ముందు వేసినవన్నీ దుమ్ము కక్కినవే. కరెంటు ఉన్నప్పుడు తోడి తొట్టిలో నింపుకుంటేనే చెట్లకు నీళ్లు.

"సిమెంటు పూస్తినని చెప్పినాడు మీ అన్న. ఇదో, పూసిన సిమెంటు ఎట్లుందో చూడమ్మణ్ణీ" అంది వదిన ఓబుళమ్మ.

"పూసినాను. ఎండకు లేసిపోయింది. నేనేం చేసేది?" అన్నాడు తిప్పన్న.

"నువ్వు పూస్తే లేసిపోకుండా ఉంటాదా? నీ చెయ్యి అట్లాంటిది."

వదిన సువర్చల దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "ఆ రోడ్డుకేసే తోడు రోంత పెట్టరాదా? తొట్టికి పూస్తాము."

సువర్చల ఉలిక్కిపడింది. "అది బయటికి పెట్టకూడదు వదినా. మండలి హద్దు రాయి దాటకూడదని రూలు."

"రాయి యాడుండాది? ఆ తొట్టికి నాలుగు బారలు. మీ రోడ్డు కోసరం ఆ రాయి ఇంకో నాలుగు బారలు జరిపింటే మా తొట్టి గూడా మీదే అయ్యుండు." ఓబుళమ్మ నవ్వింది. "తోడు అడిగితే లేదని చెప్పేవాళ్లు మన ఊర్లో యాడన్నా ఉండారా?"

నిజమే. చిన్నకొట్టాలలో మాటలు లేని ఇళ్ల మధ్య కూడా తోడు నడిచేది. గిన్నె పట్టుకుని గుమ్మం ముందు నిలబడిన మనిషిని ఒట్టి చేతులతో పంపడం సువర్చల ఎప్పుడూ చూడలేదు. పైగా అడుగుతున్నది వదిన. కారిపోతున్నది అన్న నీళ్లు.

మర్నాడు అన్నానికి వచ్చినప్పుడు టిఫిన్ డబ్బా మూతలో కొంచెం తోడు తెచ్చింది. వదిన దాన్ని సున్నపు నీళ్లలో కలిపి తొట్టికి పూసింది. మోటారు అదురు ఉంది, రోడ్డు మీద లారీల అదురు ఉంది, నీరు ఉంది. వారం తిరక్కుండానే తొట్టి గాజుగిన్నెలా గట్టిపడింది. చుక్క కారలేదు. నిండి పొర్లిన నీళ్లు కాలవలోంచి బోరు పక్కన తవ్విన ఇంకుడు గుంతలోకి పోయి భూమిలోకి దిగాయి.

"ఆ ఢిల్లీవాళ్లకేం తెలుసు నీ ఇలవ" అని, తిప్పన్న చెల్లెలికి ఆ ఏడు మొదటి కాపు చీనీకాయలు సంచినిండా కట్టి పంపాడు.

---

ఆ రోడ్డు మీద గుంత అనేది కనబడలేదు. మండలి దాన్ని దేశమంతా వేయడం మొదలుపెట్టింది. తొమ్మిది రాష్ట్రాల్లో డ్రమ్ముల్లోంచి డ్రమ్ముల్లోకి తోడు పడింది. ముత్యాలరావు గారికి ప్రమోషన్ వచ్చింది. సువర్చలకు శాలువాలు, సన్మాన పత్రాలు, వాటితో పాటు మరిన్ని పనులు వచ్చాయి. చిన్నకొట్టాల వెళ్లడం తగ్గింది.

ఒక ఉదయం అన్న ఫోన్ చేశాడు.

"పాపా, బోరులో నీళ్లు తగ్గినాయి. దారం మాదిరి వస్తాండాయి."

"మోటారు చూపించినావా అన్నా?"

"మార్పిచ్చినా. అదే దారం."

"కరువేమో."

"కరువేంది? ఈ ఏడు చెరువు నిండి మరవ పారె. వానలు గూడా బాగనే పడె. బోర్లలోనే లేవు. పక్క చేను సంజీవప్పదీ అట్లే అయ్యింది. నీళ్లన్నీ యాడికి పోయినట్లు?"

 సువర్చల చేతిలో ఉన్న టీ చల్లారిపోయింది.

మండలి దగ్గర వంతెనల పునాదులను లోపలికంటా చూసే కెమెరా ఒకటుంది. ప్రయోగశాలలో తనతో పనిచేసే నసీమాను వెంటబెట్టుకుని, దాన్ని జీపులో వేసుకుని సువర్చల ఊరికి వెళ్లింది. అన్న మోటారు పైకి లాగించాడు. వైరు చివర చిన్న దీపంతో కెమెరా బోరులోకి దిగింది. తెర చుట్టూ ముగ్గురూ తలలు ఆనించారు.

మొదట ఇనుప గొట్టం. ఆ తర్వాత నల్లరాయి. ఎక్కడా మట్టి లేదు, ఇసుక లేదు. ఆ నేలలో నీళ్లంటే రాతిలో పగుళ్లే. పగులు తగిలితే జల పడినట్టు, తగలకపోతే దుమ్ము.

"జల పడింది ఇంగ రోంత కిందికి" అన్నాడు తిప్పన్న. "ఆ పొద్దు నీళ్లు నా నెత్తి మీదికి ఎగిసినాయి. చెయ్యి పట్టేంత బొక్క."

కెమెరా అక్కడికి దిగింది.

బొక్క లేదు. నల్లరాతి మీద అడ్డంగా తెల్లటి చార ఒకటి ఉంది. నున్నగా, పాల మీద కట్టిన మీగడలా. దాని చివరన మాత్రం గుండుసూది మొనంత సందు. అందులోంచి నీరు చెమటలా ఊరుతోంది.

నసీమా సువర్చల వైపు చూసింది. ఇద్దరికీ ఆ తెలుపు తెలుసు. రోడ్డు మీద రోజూ చూసే మచ్చే అది.

"ఏంది అది?" అన్నాడు తిప్పన్న.

"తిండి ఎక్కడిది దీనికి?" నసీమా గొణిగింది. "రోడ్డులో అయితే సున్నం మనం కలుపుతాం. ఇక్కడ ఎవరు పెట్టారు?"

సువర్చల లేచి ఇంట్లోకి వెళ్లింది. పొయ్యి మీద నీళ్లు కాచే గిన్నె చేతిలోకి తీసుకుని లోపల వేలితో గీకింది. గోటిలో తెల్లటి పొడి. ఈ ఊరి గిన్నెలన్నిటికీ ఆ తెల్లపొర పడుతుంది. చిన్నప్పుడు చింతపండు పెట్టి తోమలేక ఏడ్చేది ఆమె. నీళ్లలోనే సున్నం ఉంది. ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. తోడును పెంచిన అన్నేళ్లలో ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

రోడ్డులో దానికి కొలిచి పెట్టిన తిండి. ఇక్కడ తిండే నడిచి దాని నోట్లోకి వస్తోంది.

---

షెడ్డులో రెండు నల్లరాతి పలకలను పట్టీలతో బిగించి, మధ్య సన్నటి సందు వదిలారు. పైనుంచి చిన్నకొట్టాల నీళ్లు పోశారు. సందులోంచి చుక్కలు పడ్డాయి. తోడు చెంచాడు వేశారు. చుక్కలు పడుతూనే ఉన్నాయి. మర్నాడూ పడ్డాయి. ఆ మర్నాడూ పడ్డాయి.

"నిద్రపోతోంది" అంది నసీమా. ఆమె ముఖంలో ఆశ కనిపించింది. "అదురు లేకపోతే లేవదు కదా మేడమ్."

సువర్చల పలకలకు బోరు బండి వేసేంత అదురు పెట్టింది. భోజనం చేసి వచ్చేసరికి గిన్నెలో చుక్క పడటం లేదు.

ఆ తర్వాత చంపే ప్రయత్నాలు. మరిగించిన నీళ్లు పోశారు. బ్లీచింగు వేశారు. యాసిడ్ పోస్తే రాయి కరిగింది, పగులు తెరుచుకుంది. అదురు తగలగానే మళ్లీ మూసుకుంది. లోపల ఎక్కడో నిద్రపోయినవి మిగిలే ఉన్నాయి. పైగా యాసిడ్ పోసిన నీళ్లు ఎవరు తాగుతారు? చావకూడదని ఆమే దాన్ని పెంచింది. బతకడం దానికి ఆమే నేర్పింది, ఏళ్ల తరబడి, ఒక్కొక్క గండం దాటిస్తూ.

"మోటారు ఆడితే అదురు, లారీ పోతే అదురు" అంది నసీమా. "అవి మెల్లగా మూస్తాయి. కానీ బోరు బండి వచ్చిందంటే..."

"ఒకచోట తవ్వితే, ఆ పగులు ఎంత దూరం పోతే అంత దూరం లేస్తుంది." సువర్చల కళ్లు మూసుకుంది. "నీళ్లు పోయినవాడు ఏం చేస్తాడు నసీమా?"

"ఇంకో బోరు వేస్తాడు."



---

ముత్యాలరావు గారు నివేదిక మొత్తం చదివారు. చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"నాకు అనుమానం వచ్చి నెలయిందమ్మా" అన్నారు. "రోడ్డు పొడుగునా ఫోన్లు. కర్నాటకలో వస్తున్నాయి, మహబూబ్‌నగర్‌లో వస్తున్నాయి. నేలంతా రాయి ఉన్న చోటే."

సువర్చల గుండెలో ఏదో తేలికయినట్టయింది. వెంటనే ఆ తేలికకు సిగ్గేసింది. ఆ ఊళ్లకు ఆమె మూతలో తీసుకెళ్లి పెట్టలేదు. వాన నీళ్లతో రోడ్డు కాలవల్లోంచి అదే దిగింది. తన మూతలోది కాదు. లేక తన మూతలోది కూడా.

"అయితే ఆపించండి సార్. లారీలు ఆపాలి. ఈ ప్రాంతంలో బోర్లు వెయ్యకుండా ఆర్డరు తెప్పించాలి."

"జాతీయ రహదారి మీద లారీలు ఆపమని నేను రాయాలా?"

"లేదా రోడ్డు తీసేద్దాం."

"దేంతో తీస్తారు?"

 రోడ్డు పగలగొట్టే యంత్రాలు ఆమె కళ్ల ముందు మెదిలాయి. నేలను అదరగొట్టకుండా ఆ పని చేసేది ఒక్కటి కూడా లేదు. 

"నేనూ అక్కడే ఆగిపోయాను" అన్నారు ముత్యాలరావు గారు. "పైకి రాశానండి. రోడ్డు భేషుగ్గా ఉంది, భూగర్భజలాలు మన సంస్థ పరిధిలోవి కావు అని జవాబు వచ్చింది. జలవనరుల వాళ్లకు రాస్తే, రోడ్డు గురించి రోడ్డు వాళ్లనే అడగండి అన్నారు. మన పూచీ హద్దు రాయి వరకే. పగులుకు హద్దు రాయి ఏముందమ్మా?"

"నా దగ్గర రుజువుంది సార్. మా అన్న బోరు ఫొటోలు."

ఆయన ఆమె వైపు జాలిగా చూశారు. "మీ అన్నగారి తొట్టికి తోడు మీరే ఇచ్చారటగా. మేస్త్రీలకు తెలుసు. రేపు మీరు ఆ ఫొటోలు బయటపెడితే, ఆ తొట్టి సంగతే మొదట రాస్తారు. ఒక ఉద్యోగిని రూలు తప్పి, ప్రయోగశాలలోంచి పట్టుకెళ్లి సొంత వాళ్ల పొలంలో వేసింది, ఆ ఊరి బోర్లు పోయాయి అని. మిగతా ఊళ్ల గొడవ ఆ ఒక్క ముక్క కింద పడిపోతుంది."

"మిగతా ఊళ్లలో కెమెరా దింపుదాం."

"దింపండి. నేను సంతకం పెడతాను. కానీ నీళ్లు రాని బోరును ఎవడుంచుతున్నాడు? గొట్టం పీకి అమ్ముకుంటున్నారు, పక్కనే ఇంకోటి తవ్వుతున్నారు."

ఆమె ఫోన్ మోగింది. వదిన.

"అమ్మణ్ణీ, మీ అన్న బోరు బండిని పిలిపించినాడు. టెంకాయ పట్టుకుని నడిచే ఆయప్ప జల చూపించిపాయె. మొదులుపెడతాండారు. నువ్వు వస్తావని చెప్తే రోంతసేపు ఆగుతామన్నారు."

---

స్కూటర్ మీద వెళుతున్నంతసేపూ చక్రాల కింద రోడ్డు నున్నగా, ఒక్క కుదుపు లేకుండా సాగింది. ఇంత మంచి రోడ్డు దేశంలో ఎక్కడా లేదని సన్మానంలో ఎవరో అన్నారు. అబద్ధం కాదు.

తోటలో బండి నిలబడి ఉంది. నేల మీద పసుపు కుంకుమ, పగిలిన టెంకాయ. చీనీచెట్ల ఆకులు దోనెల్లా ముడుచుకున్నాయి. ఊళ్లోవాళ్లు పదిమంది దాకా గట్టు మీద చేరారు. పక్క చేను సంజీవప్ప వాళ్లలో ముందున్నాడు.

"ఆపన్నా" అంది సువర్చల, రొప్పుతూ. "తవ్వొద్దు."

ఉన్నదంతా చెప్పింది. నివేదికలో రాసినట్టు కాదు, వాళ్ల మాటల్లో చెప్పింది. రోడ్డుకేసిన తోడు భూమిలోకి దిగిందని. అదురు తగిలితే లేస్తుందని. ఇక్కడ బండి ఆడితే, ఇదే జల మీద ఉన్న ఊరి మంచినీళ్ల బోరు కూడా మూసుకుంటుందని.

సంజీవప్ప గట్టు దిగి ముందుకు వచ్చాడు.

"రోడ్డని చెప్పి భూములు తీసుకుంటిరి" అన్నాడు సంజీవప్ప. "ఇప్పుడు బోరు గూడా వేసుకోవద్దంటాండారు. గాలి పీల్చుకోవచ్చునా తల్లీ, దానికి గూడా మీ ఆఫీసుకు రావల్లనా?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. తిప్పన్న నవ్వలేదు.

"నువ్వు చెప్పేది నిజమే అనుకుంటా పాపా. తవ్వకుండా కూచుంటే నాకు నీళ్లొస్తాయా?"

"రావన్నా."

"తవ్వితే?"

"నీకూ రావు. ఊరికీ రావు."

"తవ్వకపోతే ఊరికి ఎన్నాళ్లొస్తాయి?"

హద్దు రాయి అవతల లారీలు పోతూనే ఉన్నాయి. కాళ్ల కింద నేల సన్నగా జలదరించడం ఆమెకు తెలుస్తోంది. ఇన్నాళ్లూ ఆ జలదరింపు తనకు గర్వంగా ఉండేది.

"తెలీదు" అంది.

"ఆ లారీలు ఆపుతారా?"

"ఆపరు."

"మరి నువ్వేం చేస్తావు?"

 ఓబుళమ్మ జనంలోంచి ముందుకు వచ్చింది. మెల్లగా అడిగింది.

"అదేనా అమ్మణ్ణీ? మన తొట్టికి పూసినామే, అదేనా?"

"అదే వదినా."

"నేనడిగింటి గదా."

"నువ్వు అడగకపోయినా వచ్చేది వదినా. రోడ్డు కాలవల్లోంచి వచ్చేది. అన్ని ఊళ్లకూ వచ్చింది."

ఆ మాట ఓబుళమ్మ చెవికి ఎక్కలేదు. ఆమె తొట్టి వైపే చూస్తోంది. తొట్టి మాత్రం గట్టిగా, ఒక్క గీత లేకుండా ఉంది. అడుగున చారెడు నీళ్లున్నాయి.

తిప్పన్న ఒక చీనీచెట్టు దగ్గరికి వెళ్లాడు. ముడుచుకున్న ఆకును బొటనవేలితో విప్పి చూశాడు. వేలు తీయగానే అది మళ్లీ ముడుచుకుంది. ఇంకో ఆకు విప్పాడు. అదీ అంతే. చాలాసేపు అలా ఆకులు విప్పుతూ నిలబడ్డాడు.

"బండి ఎనక్కి పోనీ" అన్నాడు చివరికి, బండివాళ్ల వైపు తిరగకుండానే.

"తిప్పన్నా, చెట్లు?" అన్నారెవరో.

"ఊరి బోరు పోతే నా పెండ్లాము బిందె తీసుకోని యాడికి పోతాది? చెట్లకేం, కొట్టేస్తే కట్టెలైతాయి."

సువర్చల అన్న చేయి పట్టుకుంది. అతను విడిపించుకోలేదు, పట్టుకోనూ లేదు.

బండి వెనక్కి కదిలింది. గట్టు దాటింది. సరిగ్గా అప్పుడు సంజీవప్ప చెయ్యెత్తి దాన్ని ఆపాడు. డ్రైవరుతో ఏదో అన్నాడు. బండి మలుపు తిరిగి, అతని చేన్లోకి దిగింది.

"సంజీవప్ప మామా" సువర్చల పరిగెత్తింది. "వద్దు. ఇందాకే చెప్పినా కదా."

"నువ్వు చెప్తివి, మీ అన్న ఇన్నాడు. మీ అన్నకు అక్కసెల్లెండ్లు ఆఫీసర్లు. నాకెవరుండారు?" సంజీవప్ప గొంతులో కోపం లేదు. "నా చేన్లో టమాటా ఈ వారం దాటితే మాడిపోతాది. తవ్వితే రావని నువ్వంటాండావు. తవ్వకపోతే రావని నాకు తెలుసు. తవ్వితేనన్నా ఒగ ఆశ."

ఆమె బండికి అడ్డంగా నిలబడింది. డ్రైవరు తమిళ యాసలో, "పక్కన పోమ్మా, మాకు ఇంకా రెండూళ్లు వుంది" అన్నాడు. ఇంకా రెండు ఊళ్లు. అవి దాటాక మరికొన్ని. ఈ ఒక్క బండికి అడ్డంగా నిలబడితే ఆగేది ఎంత? తిప్పన్న వచ్చి ఆమెను భుజం పట్టుకుని పక్కకు జరిపాడు.

"రా పాపా. అన్నం తిందువు."

వెనక బండి మొదలైంది.

---

వంటింట్లో గూట్లో గిన్నెలు సన్నగా మోగుతున్నాయి. సంజీవప్ప చేన్లో బండి ఆడుతున్నంతసేపూ మోగుతూనే ఉన్నాయి. కిటికీలోంచి చూస్తే దుమ్ము తెల్లగా లేచి చీనీతోట మీదికి వస్తోంది. తడి తగిలితే దుమ్ము ఆగి బురద వస్తుంది. గట్టు మీద జనం ఆ బురద కోసం ఎదురుచూస్తున్నారు. దుమ్మే వస్తోంది.

పొద్దు వాలింది. వాకిట్లో కొళాయికి ఊరి బోరు నీళ్లు వదిలారు. ఓబుళమ్మ కింద బిందె పెట్టి వచ్చి, సువర్చల ముందు కంచంలో పెరుగన్నం పెట్టింది.  సువర్చల ముద్ద కలుపుతూ బిందెలో పడే నీళ్ల చప్పుడు వింటోంది.

గుమ్మంలో అలికిడయింది. సంజీవప్ప భార్య ఈరమ్మ. చేతిలో చిన్న గిన్నె.

"ఓబుళక్కా, బోరు బండోళ్లకు రేపు మజ్జిగ చెయ్యల్ల. పాలు కాచి పెట్టినా. రోంత తోడు పెట్టక్కా."

పెరుగు గిన్నె ఓబుళమ్మ చేతిలోనే ఉంది. గరిటె అందులోనే ఉంది.

ఆమె గిన్నె వైపు చూసింది. ఈరమ్మ వైపు చూసింది. గూట్లో గిన్నెలు మోగుతున్నాయి.

"లేదు ఈరమ్మా" అంది.

ఈరమ్మకు అర్థం కాలేదు. పెరుగు వైపు చూసి, ఓబుళమ్మ ముఖం వైపు చూసి, ఎదురుగా తింటున్న సువర్చల కంచం వైపు చూసింది. తెచ్చిన గిన్నెను కొంగు కిందికి లాక్కుంది.

"పోనీలేక్కా" అని మెట్లు దిగి వెళ్లిపోయింది.

"ఇది పెరుగే కదా వదినా" అంది సువర్చల.  "దీనికి ఏమీ కాదు. పెట్టొచ్చు."

"తెలుసు." ఓబుళమ్మ గిన్నె మీద మూత పెట్టింది. మూత అదురుకు టకటకలాడుతుంటే దాని మీద అరచెయ్యి ఆనించి పట్టుకుంది. "అడిగితే లేదని చెప్పేది ఎట్లో నేర్చుకుంటాండా అమ్మణ్ణీ."

బయట కొళాయి ఇంకా విప్పే ఉంది. బిందెలో నీళ్ల చప్పుడు మాత్రం వినిపించడం లేదు.